అనంతగిరికి వచ్చే మిత్రులకు మా మాట

(హైటెక్ సిటీలో పనిచేసే కొందరు ఉద్యోగులు ఒక ఆదివారం మాదాపూర్‌లో సమావేశం పెట్టుకుని, వికారాబాద్ గుట్టల చరిత్ర, పర్యాటకం గురించి మాట్లాడమని మన సంఘాన్ని పిలిచారు. ఆ రోజు మాట్లాడిన విషయాలు పత్రికలో వేయమని చాలా మంది కార్యకర్తలు అడిగినందున ప్రసంగ పాఠం ఇస్తున్నాం.)



మేం ముగ్గురం పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి వచ్చాం. చేవెళ్ల, మొయినాబాద్ దాటి మెహిదీపట్నంలో దిగి అక్కడి నుంచి సిటీ బస్సు పట్టుకున్నాం. ఈ బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి ఆపి, ఎవరి కోసమని అడిగాడు. మాది వికారాబాద్ దిక్కు అని చెప్పేసరికి నవ్వాడు. తనది కొడంగల్ పక్కన ఊరట. రిజిస్టర్‌లో సంతకం కూడా పెట్టించుకోకుండా "పోండ్రి కాకా" అని లోపలికి పంపాడు. అతని ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు కనుక ఏ గేటో మాత్రం చెప్పం.

అనంతగిరి గుట్టల గురించి, అక్కడి చరిత్ర గురించి, టూరిజం గురించి చెప్పమన్నారు. మేం చదివింది పదో తరగతి దాకానే. కానీ ఆ గుట్టల కింద ముప్పై ఏళ్లకు పైగా దున్నుతున్నాం. ఆ లెక్కన మాట్లాడతాం. తప్పులుంటే సరిచేయండి.

ముందు మీరు కూర్చున్న చోటు గురించి ఒక మాట. కొండాపూర్, మణికొండ, రాయదుర్గం, గోల్కొండ. మీ ఆఫీసుల అడ్రసుల్లోనే కొండ ఉంది, దుర్గం ఉంది. ఇది కూడా గుట్టల దేశమే. ఈ రాళ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు చెబుతారు. గచ్చిబౌలిలో బౌలి అంటే మెట్ల బావి. కంచ గచ్చిబౌలిలో కంచ అంటే పశువులు మేసే బీడు. దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు నీళ్లిచ్చిన చెరువు. 2020 సెప్టెంబర్‌లో దాని మీద కేబుల్ బ్రిడ్జి తెరిచాక ఇప్పుడు ఫొటోలకు పేరు పొందింది. ఇక్కడికి దగ్గరలోనే తమ్మిడికుంట ఉంది. 2024 ఆగస్టులో హైడ్రా వాళ్లు వచ్చి దాని ఒడ్డున కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు, అక్కడ ఒక కుంట ఉందని ఈ ఊళ్లో చాలా మందికి మొదటిసారి తెలిసింది.

1998 నవంబర్‌లో అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. అంతకు కొద్ది ఏళ్ల ముందు దాకా మాదాపూర్, కొండాపూర్ ఊళ్లే. రాళ్ల మధ్య చెల్కలు, సీతాఫలం చెట్లు, మేకలు. మాలో ఒకరి మేనత్తను కొండాపూర్‌కు ఇచ్చారు. చిన్నప్పుడు దసరాకు అక్కడికి పోతే బావిలో ఈత కొట్టేవాళ్లం. సైబర్ టవర్స్ రాకముందే ఆ ఇంటివాళ్లు భూమి అమ్మేశారు. ఆ రోజుల్లో అది పెద్ద సొమ్మే. కూతురి పెళ్లి, అప్పులు, ఒక డాబా ఇల్లు, మిగిలింది చేతిలో నాలుగేళ్లు ఆడింది. అమ్మినప్పుడు మోసం ఏమీ జరగలేదు. అందరి ఎదుటా సంతకాలు పెట్టి లెక్కపెట్టి తీసుకున్నారు. ఇప్పుడు మా మేనత్త మనవడు ఈ చుట్టుపక్కలే క్యాబ్ నడుపుతాడు. మీలో ఎవరినైనా ఎక్కించుకునే ఉంటాడు.

2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేస్తే ఎకరం వంద కోట్ల డెబ్బై అయిదు లక్షలు పలికింది. 2025 అక్టోబర్‌లో రాయదుర్గంలో ఎకరం నూట డెబ్బై ఏడు కోట్లు పలికింది. ఈ అంకెలు పేపర్లో చూసినప్పుడు మా ఊళ్లో ఏం జరుగుతుందో మీకు తెలియాలి. మరునాడు పొద్దున టీ హోటల్ దగ్గర ఒకడు అంటాడు: "అక్కడ నూట డెబ్బై ఏడు అయితే, మన దగ్గర గుంటకు ఎంత రావాలె?" అంతే. ఆ రోజంతా పత్తి మాట లేదు, కంది మాట లేదు.

ఇక మా గుట్టల మాటకు వద్దాం.

మీరు కారులో వచ్చేటప్పుడు గమనించారో లేదో, చేవెళ్ల దాకా మీ రాయే. ఆ తర్వాత నేల రంగు మారుతుంది. అనంతగిరి పైన ఎర్రటి గుల్లరాయి. చేతిలోకి తీసుకుంటే కన్నాలు కన్నాలుగా ఉంటుంది. దాని కింద నల్లరాయి. వానాకాలం పడ్డ నీళ్లు ఆ గుల్లరాయిలోకి ఇంకి, నల్లరాయి దగ్గర ఆగి, గుట్ట అంచుల్లో ఊటలై బయటకు వస్తాయి. మా పెద్దలు ఊట ఉన్న చోటల్లా ఒక గుండమో, గుడో, చింతచెట్టో పెట్టుకున్నారు. పడమర తాండూరు వైపు పోతే మళ్లీ వేరే నేల. అక్కడ కింద నాపరాయి, పైన నల్లరేగడి. మీ ఊళ్లోని పాత ఇళ్లలో పరిచిన బండలు ఎక్కువ భాగం తాండూరు, షాబాద్ బండలే. ఆ రేగడిలో పండే కందికి వేరే రుచి ఉంటుంది. తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రైతులు ఊరికే చెప్పుకునేది కాదని దానితో కాగితం మీద కూడా తేలింది.

ఆ గుట్టల మీద పడ్డ వాన రెండు దిక్కులకు చీలుతుంది. ఒకటి తూర్పుకు పోయి మూసీ అవుతుంది. ముచికుంద మహర్షి పేరు మీద ముచికుందా నది అనేవాళ్లు, జనం నోట మూసీ అయింది. అది మీ నగరం మధ్యలోంచి పోయి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇంకొకటి పడమరకు పోయి కాగ్నా అవుతుంది. తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి పోయి భీమలో, భీమతో పాటు కృష్ణలో కలుస్తుంది. ఒకే గుట్ట మీద పక్కపక్కన పడ్డ రెండు చినుకులు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ ఒకే నదిలో కలుస్తాయి. చిన్నప్పుడు మా సారు ఈ సంగతి చెబితే నమ్మలేదు. తర్వాత మ్యాప్ చూసి నమ్మాం.

చరిత్ర కూడా ఈ నీళ్లతో ముడిపడే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చి హైదరాబాద్‌లో వేల మంది చనిపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్న ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నిజాం సర్కారు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. నగరాన్ని కాపాడాలంటే పైన ఆనకట్టలు కట్టాలని ఆయన చెప్పారు. అట్లా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టినవి మంచినీళ్ల చెరువులు కూడా అయ్యాయి. మీరు గండిపేట అనేది ఆ ఉస్మాన్‌సాగర్‌నే.

ఇక వికారాబాద్ పేరు పైగా నవాబు వికార్-ఉల్-ఉమ్రా మీద వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది, అది మా ఊరి మీదుగానే పడింది. నగరానికి దగ్గరగా, చల్లగా ఉంటుందని నిజాం కాలంలో అనంతగిరి మీద క్షయ ఆసుపత్రి పెట్టారు. అంటే మీ కంటే ముందు ఆ గాలి కోసం వచ్చినవాళ్లు రోగులు. మందు లేని రోజుల్లో ఊపిరి కోసం వచ్చారు. కార్తీక మాసంలో అనంత పద్మనాభస్వామి జాతరకు వచ్చినవాళ్లు సరేసరి. ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి, రాత్రి గుట్ట కింద వంట చేసుకుని, తెల్లవారి స్నానం చేసి పోయేవాళ్లు. అదే మాకు తెలిసిన టూరిజం. వచ్చినవాళ్లు మా దగ్గర కట్టెలు కొనేవాళ్లు, పెరుగు కొనేవాళ్లు, మేం జాతరలో గాజులు కొనేవాళ్లం.

జిల్లా సంగతి త్వరగా చెప్పేస్తాం. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్-ఎ-బల్దా అనేవాళ్లు. ఆ భూమిలో చాలా భాగం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు పన్ను కట్టిన భూమి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. 2016 అక్టోబర్ 11న వికారాబాద్ వేరే జిల్లా అయింది. అప్పటి దాకా మహబూబ్‌నగర్‌లో ఉన్న కొడంగల్ మాలో కలిసింది. కొడంగల్ అంటే పాలమూరు. వలస కూలీల గడ్డ. ఈ టవర్లకు కాంక్రీటు మోసిన వాళ్లలో ఆ తాండాల వాళ్లు ఎంత మంది ఉన్నారో లెక్క రాసినవాళ్లు లేరు.

మీరు మాట్లాడమన్న అసలు విషయం టూరిజం. శనివారం మధ్యాహ్నం నుంచి మా రోడ్డు మీద కార్లు మొదలవుతాయి. మీరు రావడం మాకు కోపం కాదు. వారం అంతా స్క్రీన్ ముందు కూర్చుని, ఒక రోజు చెట్టు చూడాలని వచ్చేవాళ్లను తప్పుపట్టే మనసు మాకు లేదు. మా ఇళ్లలో పిల్లలు కూడా మీ ఉద్యోగాల కోసమే చదువుతున్నారు. మక్కకంకులు కాల్చి అమ్మే ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. కోట్‌పల్లి ప్రాజెక్టులో పడవలు నడిపే పిల్లలకు పని దొరికింది. ఇవన్నీ ఒప్పుకుంటాం.

కానీ కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టింది పొలాలకు నీళ్లివ్వడానికి. దాని కాలువలు బాగుచేయమని కింది రైతులు ఏళ్ల తరబడి దరఖాస్తులు పెడుతున్నారు. పడవల ఫొటోలు మాత్రం మీ ఫోన్లలో ఉన్నాయి. కాలువ ఫొటో తీసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. (నవ్వులు.) అడిగింది ఎగతాళికి కాదు. చెరువు చూడడానికి వచ్చినవాళ్లు తూము ఎక్కడుందో కూడా అడిగితే, దాన్ని బాగుచేయించే పని కొంత సులభమవుతుంది.

చిన్న కష్టాలు ముందు చెబుతాం. చేన్లో పగిలిన సీసా. మీకు చిన్న మాట. మాకు గుంటుక తోలేటప్పుడు పాదం కింద దిగే గాజు. పోయిన వానాకాలం మాలో ఒకరికి అట్లాగే గుచ్చుకుని, కుట్లు పడి, నాట్ల సమయంలో పదిహేను రోజులు ఇంట్లో కూర్చున్నాం. ప్లాస్టిక్ కవర్లు తిన్న బర్రె ఇంకో కథ. రాత్రి డీజే సంగతి: కంది కాయ పట్టే రోజుల్లో అడవి పందులకు కావలి కాయాలి. పంది వచ్చే చప్పుడు వినాలి. రిసార్ట్ పాటలో పంది అడుగు ఏం వినబడుతుంది? పాట అయిపోయి మీరు పడుకున్నాక చూస్తే చేను సగం పడి ఉంటుంది. నష్టపరిహారం కోసం ఎక్కడ దరఖాస్తు పెట్టాలి, పంది మీదనా, పాట మీదనా?

పెద్ద కష్టం వేరే ఉంది. అది భూమి.

అనంతగిరి చుట్టూ రోడ్డు పక్కన ఇప్పుడు బోర్డులు చూడండి. ఫామ్ ప్లాట్లు, విల్లాలు, రిసార్టులు. ఎకరం అంటే నలభై గుంటలు. మేం ఎకరాల్లో మాట్లాడతాం, మీ బ్రోచర్లో గజాల్లో రాస్తారు. ఎకరం అమ్మినవాడికి ఎకరం ధర వస్తుంది, దానికి ప్రహరీ కట్టి, గేటు పెట్టి, నాలుగు మామిడి మొక్కలు నాటి గజాల్లో అమ్మినవాడికి ఎంత వస్తుందో మీరే లెక్క వేసుకోండి. మీరు మాకంటే లెక్కల్లో గట్టివాళ్లు.

ఒక ఊరి సంగతి చెబుతాం. పేరు వద్దు. రోడ్డు నుంచి చేన్లకు పోయే బండ్ల బాట ఉండేది. పాత నక్షాలో ఉంది. ముందరి పది ఎకరాలు కొన్నాయన బాటను కూడా కలుపుకొని గోడ కట్టాడు. వెనక ఉన్న పదిహేను మంది రైతులకు దారి లేదు. ట్రాక్టర్ పోదు. ఎరువు బస్తా తల మీద మోసుకుపోవాలి. తహసీల్దార్ దగ్గరికి పోయారు, సర్వే పెట్టమన్నారు, సర్వేకు డబ్బు కట్టారు, ఏడాది గడిచింది. ఈ లోపు పదిహేను మందిలో తొమ్మిది మంది ఆ గోడ కట్టినాయనకే అమ్మేశారు. దారి లేని భూమికి ఏం ధర వస్తుంది? ఆయన చెప్పిందే ధర. ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. ఒక గోడ కట్టారు, అంతే.

అదే గోడ వాగుకు అడ్డం పడితే ఇంకో రకం. గుట్ట మీది నీళ్లు సన్నటి ఒర్రెలుగా దిగి కుంటలో పడాలి. ఒర్రెను పూడ్చి లాన్ వేస్తారు. రెండేళ్లకు కింది కుంట ఎండుతుంది, మూడో ఏడు బావి ఎండుతుంది. ఎక్కడ ఎండిందో అక్కడ కారణం కనపడదు, కారణం పైన రెండు కిలోమీటర్ల దూరంలో పచ్చగా ఉంటుంది. గుల్లరాయి నీళ్లు పట్టుకుంటుందని ముందు చెప్పాం కదా, అది వర్షం దాని మీద పడితేనే. కాంక్రీటు మీద పడితే కాదు.

మీలో కొందరు అడగవచ్చు: మీరే అమ్ముతున్నారు కదా, ఎవరు బలవంతం చేశారు? నిజమే. మేమే అమ్ముతున్నాం. మా సంఘంలో ఉన్నవాళ్లు కూడా అమ్మారు. ఆ సిగ్గు దాచుకోం. ఆసుపత్రి బిల్లు వచ్చినప్పుడు, కూతురి పెళ్లి వచ్చినప్పుడు, మూడేళ్లు వరుసగా పత్తి దెబ్బ తిన్నప్పుడు, వాకిట్లో ఒక మనిషి అడ్వాన్సు పట్టుకుని నిలబడితే వద్దని చెప్పడం కష్టం.

ఇక్కడ ఒక తేడా చూడండి. 2024 నవంబర్‌లో మా జిల్లా లగచర్ల పేరు దేశమంతా విన్నది. ఫార్మా కోసం భూములు తీసుకుంటామన్నప్పుడు అక్కడ గొడవ జరిగింది, రైతులు జైలుకు పోయారు, ఆ నెల చివరికి ప్రభుత్వం ఆ నోటిఫికేషన్ వెనక్కి తీసుకుంది. ఆ గొడవలో ఎవరి తప్పు ఎంత అన్నది ఈ సభలో తేల్చేది కాదు. మేం చెప్పేది ఇంకోటి. ప్రభుత్వం భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం ఉంది. అందులో ఆ భూమి మీద బతికే కూలీకి, కౌలుదారుకు కూడా ఒక లెక్క ఉంది. నోటీసు ఉంటుంది, అభ్యంతరం చెప్పుకునే చోటు ఉంటుంది, కోర్టు ఉంటుంది. టూరిజం పేరుతో ఒక్కొక్క రైతు దగ్గర ఒక్కొక్క ఎకరం కొనుక్కుంటూ పోతే ఏదీ ఉండదు. పట్టాదారుకు డబ్బు వస్తుంది. ఆ భూమి కౌలుకు చేసినవాడికి ఒక్క రూపాయి రాదు. ఆ చేన్లో కలుపు తీసి బతికే ఆడవాళ్లు ఏ లెక్కలోకీ రారు. ఊరు మొత్తం చేతులు మారుతుంది, ఒక్క గ్రామసభ కూడా జరగదు.

ఇంకో మాట. 2018లో రైతుబంధు వచ్చినప్పటి నుంచి సాయం పట్టా ఉన్నవాళ్లకే. అంటే భూమి కొని గచ్చిబౌలిలో ఉండే యజమాని ఖాతాలో డబ్బు పడింది, ఆ భూమిని కౌలుకు దున్నినవాడికి పడలేదు. ఇందులో మిమ్మల్ని అనేది లేదు, పథకం అట్లా రాశారు. కానీ మీలో ఎవరికైనా అట్లా డబ్బు పడి ఉంటే, దున్నినవాడి పేరు గుర్తు చేసుకోండి.

జీవో 111 గురించి కూడా అడిగారు. నిజాయితీగా చెబుతాం. 1996 మార్చి 8న వచ్చిన ఆ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల లోపు, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు వద్దన్నది. మీ నగరంలో చాలా మంది దాన్ని మంచిదంటారు. ఆ 84 గ్రామాల రైతుల్లో చాలా మంది దాన్ని శాపమన్నారు. పక్కన కోకాపేటలో ఎకరం కోట్లు పలుకుతుంటే, గీతకు ఇవతల ఉన్నందుకు తమ భూమికి ధర లేదని వాళ్ల బాధ. నగరం తాగే నీళ్ల కోసం మేమెందుకు పేదగా ఉండాలని అడిగారు. దానికి ఇన్నేళ్లలో నగరం జవాబు చెప్పలేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఆంక్షలు సడలిస్తూ ఇంకో జీవో ఇచ్చింది. అప్పుడు నగరంలో పర్యావరణం అని గోల మొదలైంది. మా అభిప్రాయం, నీళ్లు కాపాడాలి, కానీ కాపాడే రైతుకు ఏటా ఎకరానికి ఇంత అని నగరం నుంచి ముట్టాలి. వాన నీళ్లు ఇంకే భూమిని సాగులో ఉంచినందుకు కూలి అనుకోండి. ఆ మాట ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ మాకు కనపడలేదు. 2025 సెప్టెంబర్ చివర్లో పై నుంచి గేట్లెత్తితే మూసీ వచ్చి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను ముంచింది కదా. పైన నేల నీళ్లు తాగడం మానేస్తే ఆ నీళ్లు ఎక్కడికి వస్తాయో ఆ రాత్రి అందరూ చూశారు.

అడవి సంగతి ఒక్క ముక్క. పూడూరు మండలం దామగుండంలో సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిని నౌకాదళం వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి ఇచ్చారు. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. దేశ రక్షణకు మేం అడ్డం చెప్పేవాళ్లం కాదు. కానీ అక్కడ పశువులు మేపుకునే ఊళ్లు ఉన్నాయి, రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. మీ దగ్గర కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు యూనివర్సిటీ పిల్లలు అడ్డం పడ్డారు, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపింది. నెమళ్ల వీడియోలు దేశమంతా చూసింది. మా దగ్గర కూడా నెమళ్లున్నాయి. వీడియో తీసే పిల్లలు మాత్రం చదువుల కోసం ఇక్కడికే వచ్చి ఉన్నారు.

రోడ్డు గురించి చెప్పకుండా పోలేం. మీరు వచ్చే చేవెళ్ల రోడ్డు పక్కన వందల మర్రిచెట్లున్నాయి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు లైన్లు చేయాలన్నది ఎన్నో ఏళ్ల మాట. చెట్లు కొట్టవద్దని మీ నగరంలోని చెట్ల ప్రేమికులు గ్రీన్ ట్రిబ్యునల్‌కు పోయారు. ఆ మర్రి నీడలో మా తాతలు బండ్లు ఆపుకున్నారు, మాకూ ఆ చెట్లంటే ప్రాణమే. కానీ 2025 నవంబర్ 3, సోమవారం పొద్దున, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ గుద్దింది. 19 మంది చనిపోయారు. ఇంటికి వచ్చి ఆదివారం గడిపి, సోమవారం మళ్లీ కాలేజీకి, పనికి నగరానికి పోతున్నవాళ్లు అందులో ఉన్నారు. మీరు శనివారం పడమరకు వచ్చే రోడ్డు మీదే మా పిల్లలు సోమవారం తూర్పుకు పోతారు. ఆ వారం మా ఊళ్లలో ఎవరూ మర్రిచెట్ల గురించి మాట్లాడే స్థితిలో లేరు. చెట్టు నిలవాలి, రోడ్డు కూడా కావాలి. చెట్ల వరుసను మధ్యలో వదిలి రెండు పక్కలా దారి వేయవచ్చని చెప్పినవాళ్లున్నారు. దానికి ఇంకా భూమి కావాలి, అది మళ్లీ రైతుదే. ఈ ముడి తేలిక కాదు, అందుకే చెట్టు పక్షమా, రోడ్డు పక్షమా అని మమ్మల్ని అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేం.

మరి ఏం చేయమంటారు అని మీ నిర్వాహకులు ఫోన్లో అడిగారు. మాకు తోచింది చెబుతాం.

భూమి కొనాలనిపిస్తే, కొనవద్దు, కౌలుకు తీసుకోండి. వారానికి ఒకసారి వచ్చి మట్టిలో చెయ్యి పెట్టాలనే కోరికకు పట్టా అక్కర్లేదు. పదేళ్లకు కాగితం రాసుకుందాం, మీరు ఏటా కౌలు ఇవ్వండి, చేను మేమే చేస్తాం, పండిన దాంట్లో మీ వాటా మీ ఇంటికి వస్తుంది. పిల్లల పెళ్లి వచ్చినప్పుడు రైతుకు పెద్ద మొత్తం కావాలి నిజమే, అందుకు సంఘం తరఫున పరపతి సొసైటీ ఆలోచన చేస్తున్నాం. అది ఇంకా కాగితం మీదే ఉంది, గొప్పలు చెప్పుకోం. ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే, మీ గోడ కింద బండ్ల బాట ఉందో, ఒర్రె ఉందో ఒకసారి పాత నక్షా తీసి చూడండి. ఉంటే రెండు గజాలు వెనక్కి జరపండి. మేం వచ్చి రాళ్లు మోస్తాం.

రిసార్టులో ఉండే బదులు ఊళ్లో ఉండండి. ఇంటికి రెండు గదులు బాగుచేసుకుని, ఆడవాళ్ల పొదుపు సంఘాలు వంట చేసి పెడితే, ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. బాత్రూములు సరిగా ఉండవేమోనని మీ భయం. అది నిజమైన భయమే, మేం సరిచేసుకోవాల్సిందే. మా వాళ్లకు కూడా ఈ మాట ఊళ్లో చెబుతున్నాం: వచ్చినవాళ్ల దగ్గర నీళ్ల సీసాకు రెట్టింపు అడిగితే రెండోసారి రారు.

స్వదేశ్ దర్శన్ అనే కేంద్ర పథకంలో అనంతగిరిని తీసుకున్నారు. డబ్బు వస్తుంది. పార్కింగ్, ప్రవేశ రుసుము వసూలు చేస్తే అందులో పంచాయతీలకు వాటా ఎంత అని అడగండి. మేం అడిగితే దరఖాస్తు, మీరు అడిగితే వార్త. దాన్ని మా కోసం కాస్త వాడండి.

ఇక కందులు. 2025–26కు కేంద్రం కందికి మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు పెట్టింది. కొనుగోలు కేంద్రం ఆలస్యంగా తెరిస్తే ఆ లోపు చిన్న రైతు దళారికి అమ్మేస్తాడు. క్వింటాలు కందులు మర ఆడిస్తే డెబ్బై కిలోల దాకా పప్పు వస్తుంది. మీరు కిలో పప్పుకు ఎంత పెడుతున్నారో మీ ఇంట్లో అడగండి. మధ్యలో ఎంత పోతున్నదో అర్థమవుతుంది. ఈ ఒక్క టవర్‌లో ఉన్న ఇళ్లన్నీ ఏడాది పప్పు మా దగ్గర తీసుకుంటే, ఒక తాండా అంతా ఆ ఏడాది అడ్వాన్సు పట్టుకున్న మనిషిని వాకిట్లో నుంచి తిప్పి పంపగలదు. పుష్య మాసం నాటికి కోతలు అయిపోయి నూర్పిళ్లు నడుస్తుంటాయి. అప్పుడు రండి. కల్లంలో కూర్చుని కందులు ఉడకబెట్టుకుని తింటే, గుట్ట మీద తీసిన ఫొటో కంటే ఎక్కువ గుర్తుంటుంది.

ఇంక ప్రశ్నలుంటే అడగండి. మా వెనక బస్సు నాలుగున్నరకు. అది తప్పితే మళ్లీ రాత్రిదే. కంది శాంపిల్ ఆ సంచిలో తెచ్చాం, తలా పిడికెడు తీసుకోండి. పప్పు కావాల్సినవాళ్లు ఈ నోట్‌బుక్‌లో పేరు, ఎన్ని కిలోలు అన్నది రాయండి. పెన్ను అదిగో, ఆ అమ్మాయి దగ్గర ఉంది.